చెల్లి చెప్పు

రామచంద్రపురంలో కిరాణా కొట్టు నడిపే మంజులవాణి ప్రతి శనివారం ప్రాథమిక పాఠశాలకు వెళ్లి పిల్లలచేత కథలు రాయిస్తుంది. ఆ రోజు "ఒక అమ్మాయి కాలువకు వెళ్లింది" అని మొదలుపెట్టి, మిగతాది మీరే రాయండంది.

మూడో తరగతి సాయిప్రసన్న రాసింది మంజులవాణి మళ్లీ మొదటినుంచి చదివింది. చెల్లి చెప్పు నీళ్లలో పడితే, తేవడానికి దిగి అక్క మునిగిపోయిందట.

ముప్పై ఏళ్ల కిందట మంజులవాణి అక్క అలాగే పోయింది. అక్క కాలు జారి పడిందని మంజులవాణి ఇంట్లో చెప్పిందే గాని, తన చెప్పు సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

"ఇది నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి. రాస్తుంటే అదే వచ్చేసిందండి."

సాయంత్రం మంజులవాణి తన తల్లి దగ్గర కూర్చుని, ఏడుస్తూ నిజం చెప్పేసింది. తల్లి ఆమె తల నిమిరింది.

"అక్క నాకు ఎప్పుడో చెప్పిందే. నువ్వెప్పుడు చెబుతావా అని ఇద్దరం ఎదురుచూస్తున్నాం."