పడుతున్నప్పుడు బరువు లేదు

మారతహళ్ళిలో మేముండేది రెండో అంతస్తు. ఒక ఆదివారం పొద్దున బాల్కనీలో బట్టలు ఆరేస్తూ రెయిలింగు మీదికి ఒంగాను. తుప్పు పట్టిన మూల ఊడిపోయింది. దాంతోపాటు నేనూ పడ్డాను.

అరవలేదు, అంత వ్యవధి లేదు. చేతిలోని క్లిప్పుల డబ్బా ఒలికింది. క్లిప్పులు నా మొహం ముందే గాల్లో ఊరికే నిలబడినట్టున్నాయి. ఒంట్లో ఎక్కడా బరువు లేదు. ఆ వెంటనే కింద బైకులు నిలిపే షెడ్డు రేకు తగిలింది. కుడికాలు విరిగింది.

నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. భూమి వస్తువులను లాగుతుందని ఏళ్ల తరబడి బోర్డు మీద కిందికి బాణాలు గీశాను. అది లాగుడు కాదనీ, స్థలకాలాల వంపు అనీ, పడే వస్తువు తన దారిన తాను పోతుందనీ ఎమ్మెస్సీలో చదివాను. లెక్కలు చేశాను, మార్కులొచ్చాయి. అంతకుమించి ఆలోచించలేదు.

ఆపరేషన్ అయ్యాక బళేపేటలో గాజుల అంగడి మూసి అమ్మ వచ్చింది.

"ఎట్ల పడితివే? ఎవరో గుంజినట్ల పడినావంట?"

"ఎవరూ గుంజలేదమ్మా. ఏమీ తాకనట్లే ఉన్నింది."

అమ్మ మా ఆయన వైపు తిరిగింది. "తలకు గాని దెబ్బ తగిలుండాదేమో, డాక్టరును అడుగప్పా."

ఆయన నిజంగానే అడిగారు. స్కానింగ్ తీశారు. ఏమీ లేదన్నారు.

చాలా రోజులు వెల్లకిలా పడుకునే ఉన్నాను. వీపు ఒరుసుకుపోయింది. పైనుంచి నన్నెవరూ అదమడం లేదు, పరుపే కిందినుంచి నెడుతోంది. మనం బరువనుకునేది ఈ నెట్టుడునే అని అప్పుడు తోచింది.

ఊతకర్రతో కాలేజీకి వెళ్లిన నెలలోనే గ్రావిటీ పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నది చెప్పి, నేను పడిన సంగతి కూడా చెప్పాను. పిల్లలు మొదట నవ్వారు. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"అయితే మేడమ్, మీ కాలు విరగ్గొట్టింది గ్రావిటీ కాదా?"

"కాదు. రేకు."

"మరి భూమి ఏం చేసినట్టు?"

"తన చుట్టూ స్థలకాలాన్ని వంచింది. అందులో నా దారిన నేను పోతుంటే రేకు అడ్డమొచ్చింది."

ఆమె కూర్చోబోయి ఆగింది, బెంచీని చేత్తో ఒకసారి నొక్కి చూసి కూర్చుంది.

పరీక్షలో మాత్రం భూమి లాగుతుందనే రాయమన్నాను, మార్కులు దానికే. ఆ అమ్మాయి ఏం రాసిందో నాకు తెలియదు. ఆ పేపర్లు వేరే చోట దిద్దుతారు.