అమ్మ బొంతలో దాచిన పరికిణీ

చలి మొదలవుతోంది. మా మనవరాలు ఫోనులో చూసి నేర్చుకుని, నా పాత చీరలతో దిండు గలీబులు కుడుతోంది. పెట్టెలోంచి తీసిన ఆ నూలు వాసనకి అమ్మ బొంత గుర్తొచ్చింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అదే ఫోనులో రాసి అందరికీ పెడుతోంది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పైనొక చీర, కిందొక చీర, మధ్యలో చిరుగు పాతలు పరిచి పెద్ద సూదితో కుట్టేవాళ్లు. పోయినవాళ్ల బట్టలు మాత్రం అందులో పెట్టనిచ్చేవాళ్లు కాదు. నా చిన్నప్పుడు ఒక ఏడు మా చెల్లి జ్వరంతో పోయింది. దాని పచ్చ పరికిణీని అమ్మ మధ్య పొరలో దాచి కుట్టడం నేను చూశాను.

మంచిదాన్ననిపించుకోవాలని వెళ్లి నాయనమ్మకు చెప్పాను. ఆమె వచ్చి కుట్లన్నీ తెంపేసింది.

"అత్తా, దానిది ఇంకేం మిగల్లా. ఇదొక్కటి ఉండనీ" అని అమ్మ కాళ్లు పట్టుకుంది.

"ఉన్న పిల్లని గూడా పోగొట్టుకుంటావా ఏందే?" అంటూ నాయనమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది.

చెప్పింది నేనేనని అమ్మకు తెలుసు. తెగిన బొంత మళ్లీ కుట్టి, ఆ చలికాలమంతా నాకే కప్పింది.

చిన్నతనం, తెలియక చేశావని కింద ఎవరూ రాయొద్దు. అమ్మ ఎందుకు దాచిందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.