జీపీ లైట్ తీస్కోమన్నది

గ్లాస్గోలో నవంబరు వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. లేచేసరికి చీకటి, సాయంత్రం టీ పెట్టుకుందామనుకునేలోపే మళ్లీ చీకటి. మధ్యలో కాసేపు ఆకాశం బియ్యం కడిగిన నీళ్ల రంగుకు తిరుగుతుంది. దాన్నే ఇక్కడివాళ్లు పగలంటారు. నేను ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండి, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే మనిషిని. బయటికి వెళ్లకపోయినా ఎందుకు రాలేదని అడిగేవాళ్లు లేరు.

ఆ చలికాలం నా నిద్ర పూర్తిగా తలకిందులైంది. పగలంతా కునికిపాట్లు, రాత్రంతా జాగారం. నాకు రోజూ శివరాత్రే, భక్తి ఒక్కటే తక్కువ. మీటింగుల్లో కెమెరా ఆపేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయేదాన్ని. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి "యెస్, ఐ అగ్రీ" అనేదాన్ని. దేనికి ఒప్పుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. నిద్ర సుఖమెరుగదని సామెత చెప్పిన మహానుభావుడెవరో గానీ, మెత్తటి పరుపు మీద పడుకుని కూడా కన్ను మూతపడని మనిషిని చూసి ఉండడు.

నేను ఆశ పెట్టుకున్నది ఒక్కదాని మీదే. వరంగల్ హాస్టల్లో నా గదిలోనే ఉన్న స్నేహితురాలు ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టు. అదీ నాలాగే ఒంటరిగా ఉంటుంది. ఫోన్‌లో నా గొంతు విని, "ఏందే, గొంతు గట్లున్నది? జనవరిల వారం లీవ్ పెట్టి వస్త, ఆగు" అంది. వాళ్ల డ్యూటీల రోటాలో వారం సెలవు దొరకడమంటే మాటలు కాదు. అది వస్తుందన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను డిసెంబరులోకి దిగాను. దోసెల పెనం కొన్నాను. స్నేహితురాలి కోసం ఒక దుప్పటి ఉతికి, రేడియేటరు మీద అటు తిప్పి ఇటు తిప్పి ఆరబెట్టాను.

ఈలోపు జీపీ దగ్గరికీ, అంటే మా పేట డాక్టరు దగ్గరికీ వెళ్లాను. పొమ్మని పోరింది కూడా నా స్నేహితురాలే. క్లినిక్‌లో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి మాత్రలు వేసుకోమని, కళ్లకేమైనా జబ్బులున్నాయా అని అడిగి, ఎండలాంటి వెలుగునిచ్చే లైట్ బాక్స్ ఒకటి కొని పెట్టుకుని చూడమంది. అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేననీ, కొందరికి మాత్రం మేలు చేస్తుందనీ అంది. పొద్దున లేవగానే అరగంట దాని ముందు కూర్చోవాలట. సూటిగా దానిలోకి చూడకూడదు, సాయంత్రాలు పెట్టుకోకూడదు. వరంగల్ ఎండల్లో దుపట్టా ముఖానికి చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి స్కూటీ నడిపిన దాన్ని నేను. అలాంటి నన్ను వెలుతురు కొనుక్కోమంటే నవ్వొచ్చింది.

బస్సులో తిరిగొస్తూ నా స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. ‘జీపీ లైట్ తీస్కోమన్నది.’

వెంటనే జవాబు వచ్చింది. ‘ఓ. సరే అయితే. లైట్ తీస్కో.’

నాకు ఎక్కడో కాలింది. మా హాస్టల్లో అది అందరి నోటా నానిన మాట. పరీక్ష తప్పినా లైట్ తీస్కో, ప్రేమ చెడినా లైట్ తీస్కో. పట్టించుకోకు, వదిలెయ్ అని. నేనిక్కడ నిద్ర లేక చస్తుంటే వదిలెయ్యమంటుందా ఇది? నేనూ ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకున్నాను.

తర్వాత రెండు రోజులకు ఇంకో మెసేజ్. ‘జనవరి లీవ్ వేరేవాళ్లకు ఇచ్చేసిన. వాళ్లకు అవసరమంట.’ అంతే, ఇంకో ముక్క లేదు. వాళ్లకు అవసరమట! నాకు లేదూ అవసరం? ఫోన్ చేసి నాలుగు దులుపుదామనుకున్నాను. మామూలుగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఆ రోజు తీసిన ఫోన్ మళ్లీ బల్ల మీద పెట్టేశాను. రమ్మని బతిమాలాలా దీన్ని? రాకపోతే పోనీ అనుకున్నాను. అనుకుని, దాని కోసం ఉతికిన దుప్పటి నేనే కప్పుకుని ఏడ్చాను.

లైట్ బాక్స్ వచ్చింది. పలక కంటే కాస్త పెద్దది. వంటింటి బల్ల మీద పక్కగా నిలబెట్టి స్విచ్ వేస్తే అబ్బో, ఉప్పుడబ్బా మీది మరకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మొదటివారం నాకు తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. తిట్టుకుంటూనే కూర్చున్నాను. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు కదా అని, దాని ముందే ఉల్లిపాయలు తరుక్కున్నాను, పప్పులో రాళ్లు చూశాను. ఇక్కడి ప్యాకెట్ పప్పులో రాళ్లుండవని నాకూ తెలుసు. అరగంట ఊరికే కూర్చుంటే ఎదుట ఖాళీ కుర్చీ కనపడుతుంది, అదీ సంగతి.

ఒకరోజు మెట్ల మీద పై అంతస్తు పెద్దాయన ఎదురై, నీ కిటికీలో ఆ తెల్లటి వెలుగేమిటి, చాటుగా గంజాయి మొక్కలేమైనా పెంచుతున్నావా అని కన్ను గీటాడు. లేదు, నన్ను నేనే పెంచుకుంటున్నానన్నాను. ఆయన పెద్దగా నవ్వి వెళ్లిపోయాడు. ఆ వారం నేను మనిషితో ఎదురెదురుగా మాట్లాడింది అదొక్కటే.

తర్వాత తర్వాత నిజంగానే నిద్ర పట్టడం మొదలైంది. లైటు వల్లో, మాత్రల వల్లో, రోజూ ఒకే వేళకు లేవడం వల్లో చెప్పలేను. మీటింగుల్లో కునుకు ఆగింది. ఒళ్లు తేలికపడింది. సంతోషించాలి కదా? అప్పుడే అసలు కష్టం మొదలైంది. అంతవరకూ ప్రతిదానికీ చీకటినే తిట్టాను. లేవలేకపోతే చీకటి, తినబుద్ధి కాకపోతే చీకటి, ఏడుపొస్తే చీకటి. ఇప్పుడు కంటినిండా నిద్రపోయి, తెలివిగా లేచి కూర్చున్నా ఆ ఏడుపు అక్కడే ఉంది. నా స్నేహితురాలు వస్తానన్న వారం వచ్చింది, వెళ్లింది. దోసెల పెనం అట్టపెట్టెలోంచి బయటికి తీయలేదు. నాకున్నది నిద్ర జబ్బు ఒక్కటే కాదని, నాకు మనుషులు లేరని అప్పుడు తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున, లైటు ముందు కూర్చుని ఉండగా నేనే నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. కోపం పోయి కాదు, ఉండలేక.

"ఏం చేస్తున్నవే?" అంది.

"ఏమున్నది, లైట్ ముందర కూసున్న."

"ఏం లైట్?"

"జీపీ తీస్కోమన్న లైట్. చెప్పిన కద."

"అంటే... నిజం లైటా?" అంది.

"మరి అబద్ధం లైటుంటదా?"

"ఓర్నీ! నీకేం లేదు, లైట్ తీస్కో అన్నదేమో డాక్టర్ అనుకున్ననే. ఏం లేదన్నంక నువ్వు నన్ను రావొద్దంటున్నవనుకున్న."

ముందు నాకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే మీద పడ్డాను. "అనుకుంటే ఫోన్ చేసి అడగొద్దా? లీవ్ ఎందుకిచ్చేసినవే?"

"నువ్వడిగినవా, ఎందుకు వస్తలేవని? అడగంది అమ్మయినా పెట్టదంటరు. బొటనవేలు పంపి కూసున్నవ్."

ఇక దాచలేకపోయాను. "నాకిక్కడ ఎవ్వరు లేరే. నువ్వొస్తవని దినాలు లెక్కపెట్టుకున్న" అన్నాను.

"నాకు మాత్రం ఎవరున్నరే?" అంది. గొంతు బాగా చిన్నదైపోయింది. "నీ గొంతు బాలేదని వస్త అన్న గని, నాకే రావాలనుండె. నువ్వు వద్దన్నవనుకున్నంక ఆ లీవ్ నేనేం చేసుకోవాలె?"

దాని గొంతులో ఆ దిగులు ఎప్పటి నుంచి ఉందో, నేనెప్పుడూ చెవిపెట్టి వినలేదు. "శుక్రవారం పని అయిపోంగనే రైలెక్కుత" అన్నాను.

"వద్దే."

"ఎందుకు?"

"ఇల్లంత గలీజుగ ఉన్నది. క్రిస్మస్ కంటే ముందు ఊడ్చిన, మళ్ల ఊడ్వలే. డ్యూటీకి పోతున్న, వచ్చి పంటున్న. లేవబుద్ధి అయితలేదు."

"నేనొచ్చి ఊడుస్త తియ్" అన్నాను.

అది ఏడవడం మొదలుపెట్టింది. హాస్టల్లో అన్నేళ్లు పక్క పక్క మంచాల మీద పడుకున్నాం గానీ, అది ఏడవగా నేను వినడం అదే మొదటిసారి.