రాని పిల్లకు వేసిన హాజరు

బావులు తవ్వేవాళ్ళ పిల్లలను వెతికి బడిలో చేర్చినవాడని తమిళనాట మా రాజపాళయంలో నాకు ఒక మంచి పేరు ఉంది. వాద్యార్ల కూటాల్లో నన్ను నిలబెట్టి, ఆ పిల్లలను ఎలా కనిపెడతారో చెప్పమని అడిగేవాళ్ళు. చెప్పేవాణ్ణి. ఇంటి నంబర్ల ప్రకారం వీధులు తిరిగి జాబితా రాస్తే వాళ్ళు దొరకరు, వాళ్ళకు ఇల్లే లేదు. తోట యజమానిని అడిగితే పిల్లలెవరూ లేరంటాడు. మేస్త్రీని అడిగితే అందరూ పాలు తాగే బిడ్డలే అంటాడు. కమ్మరిని అడగాలి. రాతిలో బావి దించేవాళ్ళ గడ్డపారలూ ఉలులూ రెండు మూడు రోజులకే మొద్దుబారిపోతాయి, మొన పెట్టించడానికి ఎవరో ఒకరు కొలిమికి రాక తప్పదు. ఏ తోటలో ఏ కుటుంబం దిగిందో కమ్మరికి తెలిసినట్టు మునిసబుకు కూడా తెలియదు. తావు తెలిశాక మధ్యాహ్నం వేటు వేసే వేళకు పోవాలి. రాతి గుంటల్లో పేలుడు మందు కూరి వత్తి ముట్టించే ముందు కుటుంబమంతా బావి పైకి ఎక్కి దూరంగా నీడలో కూర్చుంటుంది. పిల్లలను చూడడానికీ, తల్లితో మాట్లాడడానికీ అదొక్కటే సమయం.

ఇవన్నీ నేను కూటాల్లో చెప్పినవే. ఎలా నేర్చుకున్నానో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఒకే ఒక పిల్లను వెతుకుతూ నేర్చుకున్నాను. ఆ పిల్ల చదువు పోయింది నావల్లే.

యాభైల చివరి రోజులవి. ట్రైనింగు ముగించి వచ్చి ఊళ్ళో ఒక పెద్ద రైతు నడిపే ఎయిడెడ్ బడిలో చేరాను. బడిలో అప్పటికి ఇద్దరు వాద్యార్లు, నేను మూడోవాణ్ణి. మూడో పోస్టుకు ప్రభుత్వం ఒప్పుదల ఇంకా రాలేదు. పిల్లలు చాలినంతమంది ఉన్నారని ఇన్‌స్పెక్టరు చూసి రాస్తేనే అది వస్తుంది. మాకు పదిమంది తక్కువ. బడికి మేనేజరు కూడా ఆ రైతే. ఒకరోజు నన్ను పిలిచి, నవ్వుతూనే చెప్పాడు.

“పదిమందిని తెచ్చినావంటే ఉద్యోగం నీది వాద్యారూ. లేదంటే మా మామిడితోటకు కావలి ఉండు. దానికి ట్రైనింగు కూడా అక్కరలేదు.”

ఊళ్ళోని పిల్లలంతా ఏదో ఒక బడిలో ఉన్నవాళ్ళే. కరెంటు మోటార్లు వస్తున్న కాలం కాబట్టి కొండవైపు తోటల్లో పాత బావులను లోతు చేయిస్తున్నారు. ఆ పనికి వచ్చిన కుటుంబాలు తాటాకు గుడిసెలు వేసుకుని ఉన్నాయని విని సైకిలు తీసుకుని పోయాను. వాళ్ళది తెలుగు, మా ఇంటి మాటా అదే. నేను తెలుగులో పలకరించగానే ఆడవాళ్ళు బుట్టలు దించి చూశారు. వాద్యారు, అందులోనూ తెల్ల చొక్కా వేసుకున్న మనిషి, తమ మాట మాట్లాడడం వాళ్ళకు వింత. ఆ నమ్మకం నాకు ఊరికే దొరికింది. దాన్ని వాడుకున్నాను.

తొమ్మిదిమంది పిల్లల సంగతి సులభంగానే తేలింది. బడిలో మధ్యాహ్నం అన్నం పెడతారని చెబితే చాలింది. పదో పిల్ల తల్లి మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఆమె మొగుడికి ఎడమచేతి వేళ్ళు రెండు లేవు, ఎప్పుడో వేటులో పోయాయి. కూతురికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. సత్రపట్టిలో పని చేసినప్పుడు ఆ పిల్ల కొన్నాళ్ళు బడికి పోయిందట. అక్కడినుంచి సేత్తూరుకు పోయాక ఆ బడివాళ్ళు, ముందు చదివిన బడినుంచి సర్టిఫికెట్టు తెస్తేనే చేర్చుకుంటామన్నారట. అదేమిటో తెలియక ఊరుకున్నారు.

“ఈ బాయి ముగిసినాక మేము ఇంకో ఊరికి పోతాము సామీ. పోయేటప్పుడు ఆ కాగితం ఇస్తారా? ఇస్తానంటే పంపిస్తా. లేదంటే వద్దు. మళ్ళీ ఆశపెట్టి ఆపేది పాపం.”

“ఇస్తాను. నా చేత్తోనే రాసి ఇస్తాను” అన్నాను.

ఆ పిల్ల మరుసటి రోజునుంచి వచ్చింది. మాకు కావలసింది తలల లెక్క కాబట్టి పాత సర్టిఫికెట్టు అడగకుండానే మూడో క్లాసులో రాసుకున్నాం. తలలో ఎర్రమన్ను పోయేది కాదు. తమిళ అక్షరాలు నేను తెలుగులో కథలు కట్టి చెబితే పట్టుకునేది. అంకెలు రాయమంటే మాత్రం పలక మీద పైనుంచి కిందికి రాసేది. అడ్డంగా రాయాలమ్మా అంటే, లోతు కిందికి కదా పోయేది సారూ అంది. దానికి తెలిసిన లెక్కంతా నిలువులు, మనిషి ఎత్తు ఒక నిలువు. మధ్యాహ్నం దూరంగా వేట్లు వినిపిస్తే తినడం ఆపేసి వేళ్ళు మడిచేది. నాన్న ఎన్ని గుంటలు కూరాడో పొద్దున్నే అడిగి వచ్చేది. అన్నీ పేలాయని తేలాకే మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టేది. ఒక గుంట పేలకపోతే, దగ్గరికి పోయి చూసేది నాన్నే మరి. మేము భోజనం ముగిసిన గంట కొట్టి పిల్లలను ఆటకు వదిలినా, అది పళ్ళెం ముందు అలాగే కూర్చుని ఉండేది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పదిమందినీ మొదటి వరసలో కూర్చోబెట్టాను. ఆ పిల్లను లేపి ఏదో అడిగితే టక్కున చెప్పింది. ఆయన నావైపు చూసి తల ఊపాడు. కొన్నాళ్ళకు నా పోస్టుకు ఒప్పుదల వచ్చింది. ఆ కాగితాన్ని కళ్ళకు అద్దుకున్నాను.

మార్గళి నెలలో, డిసెంబరు చివర, బావిలో నీళ్ళు పడ్డాయి. ఆ తల్లి బడికి వచ్చి సర్టిఫికెట్టు అడిగింది. నేను మేనేజరు గదికి పోయాను. ఆయన తలెత్తకుండానే చెప్పాడు.

“ఇప్పుడు కాగితమిస్తే రిజిస్టర్లో పేరు కొట్టాల. కొడితే నెంబరు తగ్గుతాది. సంవత్సరం ముగిసేలోపల ఇంకోతూరి వస్తాడు ఇన్‌స్పెక్టరు. పేరు ఉండనీ, హాజరు వేసుకుంటా పో. బాయి తవ్వేవాళ్ళు తిరిగొచ్చి నిన్ను కోర్టుకు లాగుతారా ఏమి?”

ఎదురు చెప్పలేదు. చెప్పాలని అనిపించిందని కూడా ఇప్పుడు రాయలేను. అనిపించలేదు. బయటికి వచ్చి సోమవారం రమ్మన్నాను. సోమవారం వస్తే సీలు లేదన్నాను. మూడోసారి కూతుర్ని తీసుకుని వచ్చింది. సామాన్లు ఎక్కించిన బండి వీధిలో నిలిపి ఉంది. మేనేజరు ఊళ్ళో లేడు, వచ్చాక కాగితం రాసి పంపుతానని చెప్పాను. ఆయన వెనక గదిలో పేపరు చదువుతున్నాడు, తలుపు సగం తెరిచే ఉంది. ఆ పిల్ల నిలుచున్న చోటినుంచి ఆయన చెప్పులూ కాళ్ళూ కనిపిస్తాయి. అది ఆ కాళ్ళను చూసి, నన్ను చూసి, తల్లి కొంగు పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. ఆయన ఊళ్ళోనే ఉన్నాడని తల్లికి చెప్పిందో లేదో నాకు తెలియదు.

మిగతా తొమ్మిదిమంది కుటుంబాలు కూడా పనులు ముగిసి ఆ నెలలోనే వెళ్ళిపోయాయి. అప్పటినుంచి ఏప్రిల్లో, చిత్తిరై నెలలో, బడి మూసేదాకా రోజూ పొద్దున ఆ పదిమందికీ హాజరు వేశాను. పేర్లు పిలిచేటప్పుడు వాళ్ళవి దాటేసేవాణ్ణి, చెయ్యి మాత్రం గీత గీసేది. పరీక్షలో మార్కులు కూడా వేశాను. ఆ పిల్లను మూడో క్లాసు పాసు చేశాను. బడిలో ఉన్నప్పుడు తెలివైనదే కదా అని నాకు నేను నచ్చచెప్పుకుని మంచి మార్కులే వేశాను.

తర్వాతి ఏడు ఒక ట్రైనింగు కూటంలో మంసాపురం వైపునుంచి వచ్చిన వాద్యారు ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. భోజనాల దగ్గర వేడుకగా ఒక సంగతి చెప్పాడు. బావి తవ్వే ఆడమనిషి ఒకతె కూతుర్ని తీసుకొచ్చి, రాజపాళయంలో చదివింది, అక్కడి వాద్యారు కాగితం రాసి పంపుతానన్నాడు, చేర్చుకోండి అందట. కాగితం వచ్చినాక రా అన్నాడట ఈయన. ఆ పిల్ల పది దినాలు కిటికీ బయట నిలబడి లోపల చెప్పే పాఠం గొణుక్కుంటూ ఉంటే, బడి పిల్లలు దానికి ‘కిటికీ వాద్యారమ్మ’ అని పేరు పెట్టారట.

“ఎవురో వాద్యారు మాట ఇచ్చినాడంట. ఈ జనం ఏమి చెప్పినా నమ్మేస్తారు” అని ఆయన నవ్వాడు.

నేనూ నవ్వాను. అందరూ నవ్వుతున్నారు, వాళ్ళతోపాటు నేనూ. నా తప్పులన్నిట్లోకీ ఆ నవ్వే నన్ను ఎక్కువగా తింటుంది. హాజరు వేయడానికి ఉద్యోగం అనే సాకు ఉంది. నవ్వడానికి ఏ సాకూ లేదు.

మరుసటి రోజే సర్టిఫికెట్టు రాసి సీలు వేశాను. నా పోస్టు అప్పటికి గట్టిపడింది కాబట్టి మేనేజరు కూడా వద్దనలేదు. జేబులో పెట్టుకుని ఆదివారాలు సైకిలు మీద తిరిగాను. మంసాపురంలో ఆ బావి ముగిసి వాళ్ళు వెళ్ళిపోయి ఉన్నారు. ఎటు పోయారో తోటవాడికి తెలియదు. కొలిమి దగ్గర అడగాలని అప్పుడే తట్టింది. రెండు వేళ్ళు లేని మనిషి గడ్డపార తెచ్చాడా అని ఒక్కొక్క కమ్మరినీ అడిగాను. అతను దొరకలేదు కానీ వేరే కుటుంబాలు దొరికాయి. వాళ్ళ పిల్లలను చేర్చాను. చేర్చిన రోజే సర్టిఫికెట్టు రాసి, తేదీ మాత్రం ఖాళీగా వదిలి, తల్లి చేతికి ఇచ్చేవాణ్ణి. రూలు ప్రకారం అది తప్పు. ఆ ఒక్క తప్పుకు మాత్రం నాకు సిగ్గు లేదు. అలా నాకు పేరు వచ్చింది. అలా రెండేళ్ళు గడిచాయి.

ఒకసారి సేత్తూరు దారిలో కొలిమి నడిపే ముసలి కమ్మరి నన్ను చూడగానే, నీ రెండు వేళ్ళు లేని మనిషి మొన్న వచ్చినాడు పో అన్నాడు. ఎందుకలా వెతుకుతున్నావు, నీకు బాకీ ఉన్నాడా అని అడిగాడు. నేనే ఉన్నాను అన్నాను. ఆయన నవ్వి తావు చెప్పాడు.

నేను పోయేసరికి అతను బావిలో మందు కూరుతున్నాడు. తల్లీ కూతురూ వేపచెట్టు కింద ఉన్నారు. ఆ పిల్ల ఎదిగింది. అరచేతులు తాడు లాగి లాగి పెద్దవాళ్ళ చేతుల్లా అయిపోయాయి. తల్లి నన్ను గుర్తుపట్టింది. కోపం చూపలేదు. కూర్చోమని బుట్ట బోర్లించింది. కాగితం తీసి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ నాకే ఇచ్చి ఏముందో చదవమంది. తమిళంలో ఉన్నది తెలుగులో చెప్పాను. పేరు, వయసు, నడత మంచిది, చిత్తిరై నెలదాకా సరిగ్గా బడికి వచ్చింది, మూడో క్లాసు పాసయింది.

ఆమె కాగితం తిరిగి తీసుకుని, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

“చిత్తిరైదాకా వచ్చిందని ఉండాదా? మేము మార్గళిలోనే పోతిమే.”

“నేను రాలేదు కదా సారూ” అంది ఆ పిల్ల, నేను మరిచిపోయి ఉంటానని గుర్తుచేసినట్టు.

అప్పుడు చెప్పాను. నా ఉద్యోగం నిలవడానికి రాశాను, మేనేజరు ఆ రోజు గదిలోనే ఉన్నాడు, కాగితం ఇవ్వగలిగి కూడా ఇవ్వలేదు అని. మొదటిసారి ఎవరి ముందైనా పూర్తిగా చెప్పడం అదే. నేను తిట్లకు సిద్ధపడి పోయాను. ఆమె తిట్టలేదు.

“అట్లంటే అక్కడ ఎవురో ఒక పాప చదివి పాసైపోయింది. మా పాప ఇక్కడ మన్ను మోసింది. ఈ కాగితం ఆ పాపది సామీ. ఆ పాపనే కూచోబెట్టుకోండి.”

ఇక్కడి బడికి నేనే వచ్చి మాట్లాడతాను, నాలుగో క్లాసులో చేర్చుకుంటారు అని పిల్లతో అన్నాను. అది తల్లి చేతిలోని కాగితం మీదికి వంగి తన పేరులో మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది.

“నాలుగులో కూచునేదానికి నాకు మూడు రాదే సారూ” అంది.

అంతలో బావి దగ్గరనుంచి కేక వినిపించింది. అతను పైకెక్కి పరుగున వచ్చాడు. వేట్లు పేలాయి. పొగ తగ్గాక ముగ్గురూ బావి వైపు కదిలారు. నేను కూర్చున్న బుట్ట కూడా వాళ్ళకు కావాలి కాబట్టి నేను లేచి నిలబడ్డాను. ఆ పిల్ల దాన్ని తీసుకుని, తల్లి దగ్గరి కాగితం నా చేతిలో పెట్టి పోయింది.

మరుసటి ఆదివారం మళ్ళీ పోదామనుకున్నాను, పోలేదు. మళ్ళీ నెలకు ఆ కమ్మరి, నీ మనుషులు పని ముగించుకుని బయలుదేరినారు, పోతా పోతా ఇక్కడ గడ్డపారలు సానపెట్టించుకుని పోయినారు అన్నాడు. ఎటు పోయారో ఆయనకు తెలిసే ఉంటుంది. నేను అడగలేదు.