వాలుకు నిలువుగా

మాస్కు మూతికుంటే మర్యాదస్తుడు, గడ్డం కిందికి జారితే నేరస్తుడు అనిపించుకునే రోజులవి. చదువుకుంటూ నేను గిన్నెలు కడిగే హోటలు మూతపడింది. ఐర్లాండ్‌లో ములింగార్ అనే ఊళ్లో అద్దెగదిలో గోడలు చూస్తూ కూర్చున్నాను. ఊరి చివర ముసలివాళ్ల నర్సింగ్ హోంలో మా అక్క నర్సు. జబ్బు లోపలికి రాకూడదని నర్సులంతా అక్కడే మకాం. అక్కను దగ్గరగా చూసి రెండు నెలలైంది. అక్కడ గడ్డి కోసే మనిషి మానేశాడని తెలియగానే, "మా తమ్ముడు ట్రాక్టర్ తోలినోడు" అని మేనేజరుకు చెప్పేసింది. (తోలింది మా నాయన. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నానంతే.) "ఒక్కరోజు చూస్తారంటరా. నా మాట పోగొట్టద్దు" అని ఫోన్లో ఒకటే బతిమాలింది.

అక్కడి తోట పని చూసే పెద్దాయన దేనికైనా "గ్రాండ్" అంటాడు కాబట్టి నేను గ్రాండ్ తాత అని పేరు పెట్టుకున్నాను. ఆరడుగుల దూరం నుంచే పాఠం చెప్పాడు. "ఇది కూర్చుని తోలే మిషను. బెల్టు పెట్టుకో. గడ్డి ఆరాకే ఎక్కు. వాలు మీద నిలువుగా పైకి, నిలువుగా కిందికి. అడ్డంగా మాత్రం వద్దు." నేను తలూపాను గానీ, పాపం, సేద్యం తెలియని మనిషి అనుకున్నాను. అనంతపురం రైతుబిడ్డనండీ! వాలుకు అడ్డంగా దున్నాలన్న మాట మా నాయన నాకు అన్నంతో పాటు పెట్టాడు. తాత టీకి వెళ్లగానే, మంచు ఆరని గడ్డి మీద, ఠీవిగా అడ్డంగా బయల్దేరాను. సగం దూరం పోయానో లేదో, మిషను పక్కకు జారడం మొదలుపెట్టింది. అమ్మో, నాయనో అని నేను, గుర్రుమంటూ అది, ఇద్దరం పోయి కింద ముళ్లకంచెకు ఆనుకున్నాం. తలెత్తితే కిటికీల నిండా ముసలి మొహాలు, మధ్యలో నెత్తిన చేతులు పెట్టుకున్న అక్క. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

తాత పరుగెత్తుకొచ్చి ముందు నా కాళ్లూ చేతులూ సరిగా ఉన్నాయో లేదో చూశాడు. ఆ తరువాతే, "అడ్డంగా ఎందుకు పోయావ్?" అన్నాడు. "మా ఊళ్లో అట్లయితేనే వాన నీళ్లు నిలుస్తాయి" అన్నాను. ఆయన ఆకాశం వంక చూశాడు, నా వంక చూశాడు. "ఐర్లాండ్‌లో వానను ఆపుకోవాల్సిన గతి మాకెప్పుడూ పట్టలేదు నాయనా" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అడగడానికి సిగ్గేసినా అడిగాను, ఇంకొక్క అవకాశం ఇమ్మని. మిషను పైకి చేర్చి, అంతా సరిచూసి, "గడ్డి ఆరనీ" అన్నాడు.

మధ్యాహ్నానికి ఎండొచ్చింది. బెల్టు బిగించి, నిదానంగా, నిలువుగా ఎక్కాను, నిలువుగా దిగాను. సమంగా ఉన్న చోటు వచ్చేదాకా తిప్పితే ఒట్టు! మూడు గంటల్లో ఆ వాలంతా పచ్చ చారల చీరలాగా తయారైంది. తాత "గ్రాండ్!" అని అరిచాడు. లోపల ముసలివాళ్లు చప్పట్లు కొడుతున్నారు, అద్దం అవతల కాబట్టి చప్పుడు మాత్రం లేదు. అక్క మాస్కు తడిసిపోయేలా ఏడుస్తూ బొటనవేలు ఎత్తి చూపించింది. ఉద్యోగం నాదైంది. ఆ సాయంత్రం నా అంత మొనగాడు ఐర్లాండ్‌లో లేడు.

ఇప్పుడు ఐర్లాండ్‌లోనే ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంటి వెనక గడ్డి చాపంత. వాలన్నదే లేదు. అయినా ఆరిందో లేదో వంగి తాకి చూసి గానీ మొదలుపెట్టను. అక్క వచ్చిన రోజున తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఆమె మాత్రం బయటికి రాదు. నేను గడ్డి కోయడం అయ్యేదాకా కిటికీ దగ్గరే నిలబడి, అద్దం అవతల నుంచి బొటనవేలు చూపిస్తుంది.