బూట్లు వేసుకుని కాదనడం

తెల్లవారగానే మా వీధి మలుపులో కాలేజీ బస్సు వచ్చి ఇంజను ఆపకుండా నిలబడుతుంది. ఆ డీజిల్ వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి రాగానే నా వీపు దానంతటదే నిటారవుతుంది. చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ ఉన్నా సరే, కాళ్ళు బూట్ల కోసం వెతుకుతాయి. నేనున్నది కాకినాడ అని గుర్తు తెచ్చుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో మాత్రం మస్కట్‌లోని ఘాలాలో కంపెనీ బస్సు ముందు నిలబడి ఉంటాను. వెనక నుంచి షంషాద్ ఆపా గొంతు: “కాలరు సరిచేసుకో. ఏడ్చేదాని మాదిరి కాదు, డ్యూటీకి పొయ్యేదాని మాదిరి నిలబడు.”

షంషాద్ ఆపాది ప్రొద్దుటూరు; ఆపా అంటే అక్క. తొంభైల మొదట్లో మస్కట్ ఆసుపత్రులకు పనివాళ్ళను పంపే ఒక కంపెనీలో ఆమె సూపర్‌వైజర్. ఆమె కింద దుప్పట్ల గది చూసేదాన్ని నేను. ఆవిడను పుణ్యమూర్తిగా ఊహించుకోకండి. అత్తరు దట్టంగా పూసుకునేది. ఎవరి యూనిఫారం ఇస్త్రీ చెదిరినా అందరి ముందే కడిగేసేది. తప్పు తనదైతే మాత్రం మూతి బిగించుకుని కూర్చునేది. టీచర్ ట్రైనింగు చదివి కూడా, వచ్చిన కొత్తలో ఇళ్ళలో పనిచేసింది. అరబ్బీ అక్కడే నేర్చుకుంది. నేను చేరిన కొత్తలో మంచం మూల దుప్పటి మడత వదులుగా ఉందంది. రోగి పడుకుంటే ఎలాగూ వదులవుతుందిగా అని వాదించాను.

“నీ నోరు నీకంటే ముందు డ్యూటీ ఎక్కుతాది పిల్లా.”

“అయితే ఓవర్‌టైము దానికే ఇప్పించండి ఆపా.”

నవ్వింది. మడత మాత్రం మళ్ళీ వేయించింది.

కొన్నాళ్ళకు కంపెనీకి ఆ ఆసుపత్రి కాంట్రాక్టు పోయింది. ఆపాను ఇంకో ఆసుపత్రికి వేశారు, నాకు పని లేకుండా పోయింది. అలాంటప్పుడు మళ్ళీ పని దొరికేదాకా రూమ్, మెస్ భోజనం, కొంత జీతం ఇచ్చేవాళ్ళు. దాన్ని స్టాండ్‌బై అనేవాళ్ళం. పని లేని కాలంలో మాకున్న ఆసరా అదొక్కటే. షరతు కూడా ఒక్కటే: ఇచ్చిన పని కాదంటే స్టాండ్‌బై బంద్. మేనేజర్ నన్ను పిలిచి, ఎక్కడో దూరాన షినాస్ ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళ ఇంట్లో పనికి వెళ్ళమన్నాడు. నా కాగితాల్లో ఉన్నది ఆసుపత్రి పని. “మీకు తెలిసినవాళ్ళయితే మీరే వెళ్ళి గిన్నెలు తోమండి, నేను చెయ్యను” అని హిందీలో శుభ్రంగా చెప్పి వచ్చేశాను. మర్నాడు మెస్ నుంచి అందరి టిఫిన్ డబ్బాలూ నిండి వచ్చాయి, నాది ఖాళీగా వచ్చింది. రూమ్ ఖాళీ చెయ్యమనీ, ఇంటికి టికెట్ తీస్తున్నామనీ కబురు కూడా వచ్చింది. ఇల్లంటే ఏది? చెయ్యి చేసుకునే మొగుణ్ణి వదిలేసి వచ్చినదాన్ని. పుట్టింట్లో దిగినా వాళ్ళు నన్ను మళ్ళీ ఆ గుమ్మంలోనే దింపి వస్తారు. అది నాకు తెలుసు, ఆపాకూ తెలుసు.

ఆపా తన డబ్బాలో అన్నం సగం నా మూతలోకి వంచింది. తిట్లు ఆ తర్వాతే మొదలుపెట్టింది.

“ఏమని చెప్పి వస్తివి?”

“బి.ఏ. చదివింది గిన్నెలు తోమడానికి కాదని కూడా చెప్పాను.”

“నేను తోమినా. నా చదువేమన్నా కారిపాయనా?”

మూతలో అన్నం కలుపుకున్నాను.

“ఇప్పుడు చెప్పు. నువ్వు పని వద్దంటివా, ఆ ఇల్లు వద్దంటివా?”

“ఆ ఇల్లే వద్దన్నాను. ఎవరో ఏమిటో తెలియదు. తలుపు వాళ్ళ చేతిలో ఉంటుంది. లోపల ఏం జరిగినా అడిగే దిక్కుండదు.”

“మరి ఆ మాట అన్లేదే! పనే చెయ్యనన్నావని ఆయప్ప ఊరంతా చెప్తాండాడు. గదిలో పండుకోని కాదంటే ఎవరూ నమ్మరు. బూట్లేసుకోని కాదను.”

స్టాండ్‌బైలో ఉన్నవాళ్ళు పొద్దున్నే బస్సు దగ్గరికి రావడం పనివాళ్ళుండే మా క్యాంపులో ఎవరూ ఎరగరు. ముసుగుతన్ని పడుకోవడమే ఆనవాయితీ. మర్నాటి నుంచి నన్ను యూనిఫారంలో, పాలిష్ చేసిన బూట్లతో బస్సు ముందు నిలబెట్టింది. తలుపు దగ్గర నేను అనాల్సింది ఒక్కటే మాట: “ఆసుపత్రి డ్యూటీకి వచ్చాను.” డ్రైవర్ ఖాన్ భాయ్ రోజూ ఇబ్బందిగా తల అడ్డంగా ఊపేవాడు: “ఆర్డర్ నహీఁ హై, బహెన్.” బస్సు కదిలేదాకా అక్కడే ఉండేదాన్ని. పక్క క్యాంపు కరీంనగర్ కుర్రాడొకడు, “ఏందక్కా, బస్సుకు దిష్టిబొమ్మ లెక్క నిలవడ్డవ్?” అన్నాడు. “అవును తమ్ముడూ, నువ్వు రోజూ దీన్నే చూస్తున్నావుగా, దిష్టి తగలదూ!” అన్నాను. బస్సులో అందరూ నవ్వారు. కిటికీ దగ్గర కూర్చున్న ఆపా మాత్రం నవ్వకుండా నా కాలరు వంక చూసింది. రూమ్ ఖాళీ చేయించడానికి వచ్చిన క్యాంపు బాస్ ఎదుట నా మంచం తన మంచం పక్కకు లాక్కుని, “ముందు నన్ను ఎత్తి బయట పారెయ్, తర్వాత దీన్ని” అంది కూడా ఆవిడే. తన ఉద్యోగం కూడా ఆ మేనేజర్ చేతిలోనే ఉందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. పిలిచిన రోజున అధికారి ముందు మేనేజర్ ఒకటే పాట: ఈమె పని చెయ్యనంది, గదిలో పడుకుని తింటానంటోంది. నేను లేవబోయాను. ఆపా తన బూటుతో నా బూటు తొక్కి పట్టింది. అధికారి, రుస్తాఖ్ వైపు పెద్దాయన, నన్ను కిందినుంచి పైదాకా చూసి ఏదో అడిగాడు.

“యూనిఫారంలో ఎందుకొచ్చినావంటాండాడు,” అని ఆపా తెలుగులో చెప్పింది.

“పొద్దున బస్సు దగ్గర నిలబడి ఇటే వచ్చానని చెప్పండి. రోజూ నిలబడుతున్నాననీ చెప్పండి.”

మేనేజర్ అబద్ధమన్నాడు. రోజూ నిలబడ్డ మాట ఎవరు చెప్పాలని అధికారి అడిగాడు. ఖాన్ భాయ్, అంది ఆపా. అతను ఎక్కడో లేడు, మేనేజర్‌ను కారులో తీసుకొచ్చి కిందే కూర్చున్నాడు. అవతలివాడు మన సాక్షిని పెట్రోలు పోసి మరీ తీసుకురావడం నా జీవితంలో మళ్ళీ జరగలేదు. పైకి పిలిస్తే ఖాన్ భాయ్ మేనేజర్ వంక చూడకుండా నిజం చెప్పాడు. రోజూ వచ్చేది, నేనే ఎక్కించుకోలేదు, ఆర్డర్ లేదు. అప్పుడు ఆపా నా బూటు మీద నుంచి కాలు తీసింది. ఆసుపత్రి పని ఎక్కడిచ్చినా ఈ నిమిషమే వెళ్తానన్నాను, తలుపు సంగతీ చెప్పాను. ఎవర్నీ గిన్నెలు తోమమనలేదు.

మెస్, రూమ్ తిరిగి ఇవ్వాలనీ, కాగితాల్లో ఉన్న పనే చూపించాలనీ తేలింది. ఆగిన జీతం మాత్రం రాలేదు. నన్ను రుస్తాఖ్ ఆసుపత్రికి వేశారు. ఆ ఏడాది ఆపాకు కాంట్రాక్టు రెన్యువల్ రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పనక్కర్లేదు. సెలవు పెట్టుకుని ఘాలాకి పరిగెత్తి, లేబర్ ఆఫీసుకు పోదాం పదండని పోట్లాడాను.

“వద్దు పిల్లా. నా కూతురికి కాన్పు దగ్గరపడె, పోవల్ల,” అంటూ మంచం మీద నుంచి కాళ్ళు చాచి చూపించింది. “చూడు, బూట్లేసుకోనే కాదంటాండా.”

కాన్పు మాట నిజమో, నా కోసం అల్లినదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉత్తరంలో అడిగితే మనవరాలికి జ్వరమని రాసింది. అది జవాబు అవునో కాదో మీరే చెప్పండి. నేను ఇండియా వచ్చాక విడాకుల కేసులో ప్రతి వాయిదాకూ ఇస్త్రీ చీరలో వెళ్ళాను. మొగుడు రాని రోజున కూడా కోర్టు లేచేదాకా కూర్చున్నాను. నాకు ఓపిక ఎక్కువని మా వకీలు అనుకున్నాడు. అది ఓపిక కాదు, డ్యూటీ.

ఇప్పటికీ మా గుమ్మంలో నా చెప్పులు వీధివైపు తిరిగే ఉంటాయి. అలా పెడితే లక్ష్మి బయటికి వెళ్ళిపోతుందని పక్కింటావిడ పోరు. వెళ్ళనివ్వండి, ఎక్కడికెళ్ళిందో కనుక్కుని వస్తాను, చెప్పులు సిద్ధంగానే ఉన్నాయిగా అంటాను.