దొరసాని సైకిల్‌కు మోపెడ్ చైన్

మా నాయిన తొక్కేది ఆడవాళ్ల సైకిల్. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది, మేడ్చల్లో అందరికీ తెలిసిందే కాబట్టి. ఎప్పుడో మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన ఒక దొరసాని తన దేశం వెళ్లిపోతూ దాన్ని మా చర్చికి వదిలేసింది. నల్లటి ఇనుము, ముందు అడ్డకడ్డీ ఉండదు, చైన్ మొత్తాన్ని కప్పేసే రేకు పెట్టె ఉంటుంది. ఒకసారి ఎత్తి చూస్తే దొరసాని దాన్ని ఎందుకు వెంట తీసుకెళ్లలేదో అర్థమవుతుంది.

నాయిన తాపీ మేస్త్రి. పేట్ బషీరాబాద్‌లో కొత్త ఇళ్లు లేస్తున్న రోజుల్లో పరంజా మీంచి పడ్డాడు. విరిగిన తుంటి అతికింది గానీ, మనసు పెట్టి అతకలేదు. నాలుగడుగులు నడిస్తే నొప్పి. కాలు పక్కకు ఎత్తడం అసలే కుదరదు కాబట్టి అడ్డకడ్డీ ఉన్న సైకిల్ ఎక్కలేడు. దొరసాని సైకిల్ అయితే సందులోంచి దూరినట్టు దూరి కూర్చుంటే చాలు. బరువంతా సీటు మీద పడుతుంది, ఎంత దూరమైనా పోగలడు. సైకిల్ మీద హుషారుగా వచ్చిన మనిషి దిగగానే కుంటడం చూసి కొత్తవాళ్లు అనుమానపడేవారు. వాళ్లకు ఆయన వివరం చెప్పేవాడు కాదు, ఇంకొంచెం కుంటి చూపించేవాడు.

మా చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుని భాగం. ఆ డబ్బాలు ఖాళీ చేసుకొచ్చే పని నాయినది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా, మా సంఘం ఇల్లు ఎక్కడుంటే అక్కడికి సైకిల్ పోయేది. దొడ్డు బియ్యం, సన్నబియ్యం, రేషన్ బియ్యం అన్నీ ఒకే సంచిలో పడేవి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ సంచిని హర్రాజు వేసేవారు. పాడుకున్నవాళ్ల ఇంట్లో ఆ వారమంతా అన్నం సగం ముద్ద, సగం పలుకు. దేవుని బియ్యం కదా, ఎవరూ కిక్కురుమనేవారు కాదు.

మేస్త్రి పని పోయాక నాయినకు మిగిలింది ఈ తిరుగుడే. దానికి జీతం లేదు. కానీ ప్రతి ఇంట్లో చాయ్ ఉండేది, ప్రతి ఇంట్లో ఒక పగిలిన గోడ కూడా ఉండేది. "జర గిది చూడన్నా" అని పిలిచేవారు. గోడ మీద అరచెయ్యి పెట్టి, డాక్టర్ లాగా కాసేపు ఊరుకొని, ఏం చెయ్యాలో చెప్పేవాడు. కొందరు ఆ సలహా కోసమే బియ్యం వేసేవారని నా అనుమానం.

నేను డిగ్రీ చదువుతుండగా, ఒక వానాకాలం చివర్లో, ఆ సైకిల్ చైన్ తెగింది. రేకు పెట్టె లోపల తెగడం వల్ల చప్పుడు కూడా పెద్దగా కాలేదట. నాయిన మాత్రం సైకిల్‌ని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి, పక్కన తల వంచుకు కూర్చొని ఇంటికొచ్చాడు.

"ఏమైందయ్యా?" అమ్మ వాకిట్లోకి పరుగెత్తింది.

"పాయె."

"అయ్యో దేవా! ఎవరు పాయిర్రు?"

"చైను."

అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది.

సైకిల్‌కు చైన్ వేయడమంటే చెప్పుకు ఉంగటం కుట్టించుకున్నంత పని అనుకున్నాను. బస్టాండ్ దగ్గరి మెకానిక్ కొత్త చైన్ తెచ్చి పళ్ల చక్రం మీద పెట్టాడు. అది పళ్ల మధ్యకు దిగకుండా, పళ్ల మీదే పీట వేసుకొని కూర్చుంది. దొరసాని సైకిల్ పళ్లు మందం, మన చైన్ల సందు సన్నం. తెగిన పాత చైన్‌నే అతికిస్తే మా గల్లీ మలుపు దాకా వచ్చి మళ్లీ తెగింది.

"ఒక పని జేద్దమన్నా," అన్నాడు మెకానిక్. "ఆకురాయితోని పళ్లు రాకి సన్నగ జేస్త."

"కావాల్నంటే నా పళ్లు రాకు," అన్నాడు నాయిన. "దాని పళ్లు ముట్టకు."

నేను పాత చైన్ ముక్క ఒకటి జేబులో వేసుకొని సికింద్రాబాద్ దాకా పోయి పాత సామాన్ల దుకాణాలు తిరిగొచ్చాను. ఒకాయన చైన్ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, "గీ సైకిల్ ఇంక నడుస్తాందా?" అని నన్నే అడిగాడు. అత్త కూతురి గులాబీ రంగు లేడీస్ సైకిల్ కూడా తెచ్చి చూశాం. నాయిన పొడుగు మనిషి. తొక్కినప్పుడల్లా మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలి గంట దానంతటదే మోగింది. మలుపు దాకా పోయి, కుంటుకుంటూ నడిపించుకొచ్చి గోడకు ఆనించాడు.

చివరికి చర్చి అయ్యగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు.

"చర్చిల కోత పండుగ దాంక చూద్దమన్నా. అప్పటికి గూడ కాకుంటే బియ్యం తెచ్చే పని బైకున్న పిలగానికి అప్పజెప్తం. నువ్వు ఇగ రెస్ట్ తీస్కో."

అయ్యగారు వెళ్లాక నాయిన నులక మంచం వైపు చూశాడు. తుంటి విరిగినప్పుడు నెలల తరబడి దాని మీదే ఉన్నాడు. రెస్ట్ ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడు. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఇది నా జీవితంలో అరుదైన ఘట్టం.

ఆదివారం అమ్మ చర్చిలో లేచి నిలబడి, తన భర్త సైకిల్ చైన్ కోసం ప్రార్థన చేయమని మనవి చేసింది. అందరూ కళ్లు మూసుకొని గట్టిగా ప్రార్థించారు. ఆ వారం బియ్యం తేవడానికి నాయిన బదులు నేను, బస్సుల్లో, షేర్ ఆటోల్లో పోయాను. మొదటి ఇంట్లో డబ్బా వంచితే బియ్యంతో పాటు ఒక సైకిల్ చైన్ పడింది. రెండో ఇంట్లో ఇంకొకటి. మూడో ఇంటి అక్క, "కొత్తదే తమ్మీ, మా ఆయిన సైకిల్ కెళ్లి ఇప్పిన, ఆయినకు చెప్పకు," అంటూ పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. అటకల మీద, కొట్టాల్లో మూలుగుతున్న ప్రతి సైకిల్ చైనూ మా ఇంటికి చేరింది. గోనెసంచి నిండింది. అన్నీ సన్నవే. ప్రార్థన ఫలించింది, మేమే సైజు చెప్పడం మరిచిపోయాం. ఆ వారం హర్రాజు బియ్యంలో గ్రీజు వాసన కూడా కలిసింది.

పండుగకు ముందు వారం శామీర్‌పేటకు పోయాను. చెరువు దగ్గర మా సంఘం వాళ్ల ఇల్లొకటి ఉంది. దాని పక్కింటాయన చేపలమ్ముతాడు. ఆయనది మా చర్చి కాదు, బియ్యం వేయడు. కానీ నాయిన ప్రతిసారీ ఆయన రేకుల పందిరి కింద మంచినీళ్లు తాగేవాడట. ఆయన వంటింటి గోడ నిలబడి ఉండడం కూడా నాయిన చలవేనట.

"నీయంత నువ్వొచ్చినవేంది? మీ నాయిన ఏడి?" అన్నాడాయన.

చెప్పాను. జేబులో ఉన్న పాత చైన్ ముక్క తీసి చూపించాను. దాన్ని వేళ్ల మధ్య తిప్పి, పందిరి మూలకు పోయాడు. అక్కడ పెడళ్లున్న పాత మోపెడ్ ఒకటి ఉంది. సీటు మీద పెట్ట పొదుగుతోంది, బుట్టలో ఇంకో రెండు కోళ్లున్నాయి.

"గా బండిని ముట్టకుర్రి," లోపల్నించి ఆయన భార్య అరిచింది. "వచ్చే నెల నడుస్తదట. గీ పెండ్లికొడుకు గా మాట చెప్పవట్టి శానేండ్లాయె."

"నువ్వుండవే," అన్నాడు. గడ్డి, రెట్ట తుడిచి, నా ముక్కను మోపెడ్ పెడల్ చైన్ పక్కన పెట్టాడు. మందం సరిగ్గా సరిపోయింది. ఆనందంతో నేను ఎగిరేసరికి పెట్ట లేచి నన్ను పొడిచింది.

ఆయన మాత్రం అలాగే కూర్చుండిపోయాడు. ఒకప్పుడు తెల్లారకముందే ఆ బండి మీద పట్నం దాకా చేపలు వేసుకొని పోయేవాడట. ఇంజన్ పట్టేశాక మళ్లీ బుట్ట నెత్తికెత్తుకున్నాడు. చైన్ ఉన్నంతకాలం అది రిపేరుకు ఆగిన బండి. చైన్ తీసేస్తే కోళ్లగూడు. భార్య గడపలోకి వచ్చి నిలబడింది.

పెడల్ చైన్ విప్పి నేల మీద చాచాడు. నాయిన సైకిల్‌కు అది పొట్టి. నాకది ముందే తోచింది గానీ అడగడానికి నోరు రాలేదు. ఆయనే పానా అందుకొని రెండోవైపుకు తిరిగి, అదే మందమున్న ఇంజన్ చైన్ కూడా విప్పాడు.

"ఇచ్చినట్టు గాదు," అన్నాడు నా చేతిలో పెడుతూ. "బండి షురూ జేసిన్నాడు నా చైన్లు నాకు తెచ్చియ్యాలె. మీ నాయినకు చెప్పు."

"తెస్తం కాకా."

"కోళ్లకు గూడ చెప్పిపో," అంది భార్య. ఆమె గొంతు మాత్రం మెత్తగా ఉంది.

రెండు చైన్లనూ కిరసనాయిలులో నానబెట్టి రుద్దాం. మట్టి పోయింది, చేపల వాసన పోలేదు. మెకానిక్ రెండింటినీ అతికించాడు. ఎక్కడ కోయాలో తేల్చే పని నాయిన తన మీద వేసుకున్నాడు. గోడలు కట్టిన మనిషి కాబట్టి పాత చైన్ ముక్కలను వరసగా పరిచి దారంతో కొలిచి, "గింతే, వెంట్రుకవాసి తేడా రాదు," అన్నాడు. తేడా రాలేదు. కానీ పాత చైన్ దొరసాని కాలం నుంచి అరిగి అరిగి సాగి ఉంది. ఆ కొలతకు కోసిన చైన్ దండలా వేలాడి, రేకు పెట్టెలో గలగలా కొట్టుకుంది.

"గోడలు సాగవు గదన్నా," అన్నాడు మెకానిక్.

"నువ్వు కట్టినయి సాగుతయి," అన్నాడు నాయిన. చాలా రోజులకు ఇంట్లో ఆ వెటకారం వినిపించింది. అమ్మ లోపల పని చేసుకుంటూనే నవ్వింది.

మెకానిక్ ఇంకో జత లింకులు తీసి, చైన్ కొసలు కలిపే లాక్ వేసి, వెనక చక్రం కాస్త లాగి బిగించాడు. నాయిన సందులోంచి దూరి కూర్చున్నాడు. చైన్ పళ్ల మధ్యకు దిగి కూర్చుంది. మలుపు దాటాడు, కనబడకుండా పోయాడు. మేమంతా ఎదురుచూస్తూ నిలబడ్డాం. ఎంతసేపటికీ రాలేదు. తెగిందేమోనని పరుగెత్తితే, మలుపు అవతల ఎవరి గోడ మీదో అరచెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు.

కోత పండుగ నాడు బియ్యం సంచితో సైకిల్ చర్చి వాకిట్లోకి వచ్చింది. బైకున్న పిలగాడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు, ఆ పని వాడికీ ఇష్టం లేదట. గోనెసంచిలోని సన్న చైన్లన్నీ హర్రాజు వేస్తే మెకానిక్ పాడుకున్నాడు. సాక్ష్యం చెప్పడానికి లేచిన నాయిన దేవునికి స్తోత్రం చెప్పి, శామీర్‌పేట చేపలాయనకు స్తోత్రం చెప్పి కూర్చున్నాడు. అయ్యగారు రెండోదాన్ని సవరించలేదు.

తర్వాతి వారం నాయినతో పాటు నేనూ శామీర్‌పేట పోయాను. కోయగా మిగిలిన లింకులను శుభ్రంగా తుడిచి, గుడ్డలో కట్టి తెచ్చాడు నాయిన. మోపెడ్ హ్యాండిల్‌కు తగిలించాడు.

"గివి నీ దగ్గరుండనీ. నీ బండికి వేసేటప్పుడు మల్ల అతుకాలె గదా."

చేపలాయన ఆ మూటను ఒకసారి తడిమి, ఇంట్లోకి చూసి భార్యకు కేకేశాడు. "ఇన్నవా? నడుస్తది అంటుండు."

అప్పటి నుంచి నాయిన అక్కడ ఆగిన ప్రతిసారీ మంచినీళ్లు తాగి, రేకు పెట్టెకున్న చిన్న మూత తెరిచి, నూనెతో మెరుస్తున్న చైన్ చూపిస్తాడు.

"నీ చైన్ మంచిగున్నది. బండెప్పుడు?"

"వచ్చే నెలన్నా."

"సరే, తయారుగుంట," అంటాడు నాయిన. సందులోంచి దూరి కూర్చొని, తొక్కుకుంటూ పోతాడు.